ఈఆర్‌సీపీ తర్వాత పాంక్రియాటైటిస్ రాకుండా ఏ దశలో ఏం చూసుకోవాలి

"పిత్తనాళంలో రాయి ఉంది, ఈఆర్‌సీపీ చేసి తీసేద్దాం" అని డాక్టరు చెప్పగానే ఇంట్లో అందరికీ పట్టుకునే టెన్షన్ మత్తు గురించి, నోట్లోంచి పోయే గొట్టం గురించి. మాకూ అంతే. ఈఆర్‌సీపీ అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని నోట్లోంచి చిన్నపేగు దాకా పంపి, అక్కడినుంచి పిత్తనాళంలోని రాయి తీసే పద్ధతి. అమ్మను లోపలికి తీసుకెళ్లారు. నలభై నిమిషాలకు బయటికి తెచ్చి రాయి వచ్చేసిందని చెప్పారు. గండం గట్టెక్కిందనుకున్నాం. అసలు గండం ఆ రాత్రి రెండు గంటలకు మొదలైంది. క్లోమం వాచింది. దాన్నే పాంక్రియాటైటిస్ అంటారు.

ఈఆర్‌సీపీ చేయించుకున్న 100 మందిలో సుమారు 3 నుంచి 10 మందికి ఇది వస్తుంది. ముప్పు ఎక్కువున్న వాళ్లలో 15 మంది దాకా వస్తుంది. చాలామందికి రెండు మూడు రోజుల నొప్పితో, సెలైన్‌తో సర్దుకుంటుంది. కొద్దిమందికి ఐసీయూ దాకా పోతుంది, అరుదుగా ప్రాణం మీదికీ వస్తుంది. దీన్ని పూర్తిగా ఆపే మందు ఇంతవరకూ లేదు. ముప్పును బాగా తగ్గించే పనులు మాత్రం ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గొట్టం లోపలికి పోకముందే జరగాలి. మాకు అది తెలియక దెబ్బతిన్నాం.

అమ్మ తర్వాత ఇంట్లో మరో ఇద్దరికి ఇదే ప్రొసీజర్ చేసినప్పుడు నేనే తోడున్నాను. అప్పుడు ఏమేం అడిగానో, ఎందుకు అడిగానో వరసగా చెబుతాను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకునే చీటీ అనుకోండి. మందు, మోతాదు, నిర్ణయం వాళ్లవే.

ముందు, లోపల ఏం జరుగుతుందంటే

చిన్నపేగు మొదటి భాగంలో, లోపలి గోడ మీద చిటికెనవేలి గోరంత బుడిపె ఒకటి ఉంటుంది. దాని కొన మీద సన్నటి రంధ్రం. కాలేయం వైపు నుంచి వచ్చే పిత్తనాళం, పక్కనుంచి వచ్చే క్లోమనాళం రెండూ వచ్చి తెరుచుకునేది అక్కడే. డాక్టరుకు కావాల్సింది పిత్తనాళం. కానీ రెండు దారులూ ఒకే గుమ్మంలో ఉన్నాయి కాబట్టి సన్నటి తీగ క్లోమనాళంలోకి జారిపోవడం చాలా తేలిక. మంచి చెయ్యి తిరిగిన డాక్టరుకూ జరుగుతుంది.

తీగ అటు పోయి గుచ్చుకున్నా, ఎక్స్‌రేలో కనబడటానికి ఎక్కించే డై ఒత్తిడితో క్లోమనాళంలోకి వెళ్లినా, పదేపదే తాకడం వల్లో కరెంటుతో కోసిన వేడివల్లో ఆ బుడిపె వాచిపోయినా ఫలితం ఒకటే. క్లోమరసం పేగులోకి రాలేక వెనక్కి నిలిచిపోతుంది. తిన్నదాన్ని అరిగించాల్సిన ఎంజైములు గ్రంథిలోపలే పని మొదలుపెడతాయి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ మూడు నాలుగు కారణాల్లో ఏదో ఒకదానికి విరుగుడే. అవి గుర్తుంటే ఏ జాగ్రత్త ఎందుకో తేలిగ్గా అర్థమవుతుంది.

1. అసలు ఈఆర్‌సీపీ అవసరమా అని అడగండి

అందరూ దాటేసే ప్రశ్న ఇదే. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్తా ఇదే. చేయని ఈఆర్‌సీపీ వల్ల పాంక్రియాటైటిస్ రాదు కదా.

ఈ పద్ధతి 1968లో మొదలైనప్పుడు నాళాల్లో ఏముందో చూడటానికే వాడేవాళ్లు. 1974లో ఆ బుడిపెను కోసి రాళ్లు తీయడం వచ్చింది. ఆ తర్వాత ఎంఆర్‌సీపీ స్కాన్ వచ్చింది, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ వచ్చింది. ఈ రెండూ నాళంలోకి ఏమీ దూర్చకుండానే రాయి ఉందో లేదో చెప్పేస్తాయి. కాబట్టి ఈరోజు "ఏముందో చూద్దాం" అని ఈఆర్‌సీపీ చేయడానికి కారణం దాదాపుగా లేదు. చికిత్స చేయాల్సిన పని ఖాయమైతేనే చేయాలి.

ఖాయమని ఎప్పుడంటారు? అల్ట్రాసౌండ్‌లోనో స్కాన్‌లోనో పిత్తనాళంలో రాయి స్పష్టంగా కనిపిస్తే. లేదా కామెర్లతో పాటు చలిజ్వరం వచ్చి, నాళంలో ఇన్‌ఫెక్షన్ చేరిందని తేలితే. లేదా కామెర్ల రక్తపరీక్షలో చూసే బిలిరుబిన్ 4 దాటి, నాళం కూడా ఉబ్బి ఉంటే. గాల్ బ్లాడర్ ఉన్నవాళ్లలో 6 మిల్లీమీటర్లు దాటితే నాళం ఉబ్బిందంటారు. ఇవేవీ లేకుండా లివర్ పరీక్షలు కాస్త అటూ ఇటూ ఉన్నాయనో, వయసు రీత్యా అనుమానంగా ఉందనో అంటే, "ముందు ఎంఆర్‌సీపీ గానీ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ చేద్దామా డాక్టర్?" అని అడగండి. అది అతి తెలివి చూపించడం కాదు. మంచి డాక్టరైతే తనే ఆ మాట అంటారు.

చిన్న రాళ్లు వాటంతట అవే పేగులోకి జారిపోవడం కూడా ఉంది. నాలుగు రోజుల కిందటి స్కాన్‌లో కనిపించిన రాయి ఈరోజుకి లేకపోవచ్చు. నొప్పి పూర్తిగా తగ్గి, బిలిరుబిన్ దిగిపోతుంటే మరోసారి చూడాలా అని అడగడంలో తప్పులేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. నాళం సన్నగా, బిలిరుబిన్ మామూలుగా ఉండి, కడుపు కుడిపక్క నొప్పి ఒక్కటే ఉన్న మనిషికి ఈఆర్‌సీపీ వల్ల ఒరిగేది తక్కువ, పాంక్రియాటైటిస్ వచ్చే ముప్పు ఎక్కువ. అలాంటివాళ్లకు "ఆ బుడిపె దగ్గరి కండరం బిగుసుకుంది, కోస్తే నొప్పి పోతుంది" అని చేసేవాళ్లు. అన్ని పరీక్షలూ మామూలుగా ఉన్నవాళ్లలో దాన్ని పోల్చి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. నిజంగా కోసినవాళ్లకు, కోయకుండా ఊరికే చేసినట్టు చేసినవాళ్లకన్నా మేలేమీ జరగలేదు.

ఒక్క హెచ్చరిక. చలిజ్వరం, కామెర్లు, బీపీ పడిపోవడం ఉంటే ఈ చర్చలన్నీ పక్కన పెట్టండి. అప్పుడు ఆలస్యమే ప్రమాదం.

2. మీ ముప్పు ఎంతో కాగితం మీద రాసి ఇవ్వండి

ఓపీలో డాక్టరు గబగబా అడుగుతారు, మనం గబగబా "ఏం లేదు సార్" అనేస్తాం. అందుకే ముందురోజే కాగితం మీద రాసుకోండి. ఇంతకుముందు ఎప్పుడైనా పాంక్రియాటైటిస్ వచ్చిందా? ఇంతకుముందు ఈఆర్‌సీపీ చేశారా, చేస్తే ఆ తర్వాత నొప్పితో ఆసుపత్రిలో ఉన్నారా? ఈ రెంటికీ అవునంటే అది కాగితంలో మొదటి వాక్యంగా, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఆడవాళ్లకు మగవాళ్లకన్నా ముప్పు ఎక్కువ, చిన్న వయసువాళ్లకు పెద్దవాళ్లకన్నా ఎక్కువ. వినడానికి తిరకాసుగా ఉన్నా నిజమే: ముసలివాళ్లకు మత్తుతో ఇబ్బంది రావచ్చు గానీ పాంక్రియాటైటిస్ వచ్చే అవకాశం వయసులో ఉన్నవాళ్లకే ఎక్కువ. నాళం ఉబ్బకుండా సన్నగా ఉండటం, బిలిరుబిన్ మామూలుగా ఉండటం కూడా ముప్పు పెంచేవే. క్లోమానికి ఏళ్ల తరబడి దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ ముప్పు తక్కువ. గ్రంథి అప్పటికే గట్టిపడిపోయి ఉంటుంది, కొత్తగా వాచడానికి పెద్దగా మిగలదు.

వీటిలో రెండు మూడు కలిస్తే ముప్పు కూడికలా పెరుగుతుంది. గతంలో ఒకసారి పాంక్రియాటైటిస్ వచ్చిన ముప్పై ఏళ్ల ఆడమనిషికి బిలిరుబిన్ మామూలుగా ఉంటే, ఆమెకు రాయి ఉందన్న రుజువు గట్టిగా ఉండాలి.

3. ఎవరు చేస్తారో తెలుసుకోండి

ఇది చేతిపని. చెయ్యి తిరగాలి. తక్కువ కేసులు చేసే చోట చిక్కులు ఎక్కువ వస్తాయన్నది చాలా అధ్యయనాల్లో తేలిన విషయం. "ఇక్కడ వారానికి ఎన్ని ఈఆర్‌సీపీలు చేస్తారండీ?" అని అడగండి. మొహమాటపడొద్దు. పని ఎమర్జెన్సీ కాకపోతే, ఎక్కువగా చేసే చోటుకి వెళ్లడానికి ఒకటి రెండు రోజులు ఆగొచ్చు.

4. మందుల సంగతి, పరగడుపు సంగతి

ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందుల్లో ఏదైనా పడకపోయిందా? దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు? కిడ్నీలు దెబ్బతిన్నాయా? అల్సర్ వల్ల రక్తం పోయిందా? గర్భవతా, అయితే ఎన్నో నెల? ఈ నాలుగూ తప్పకుండా చెప్పాలి. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, అలాగని చెప్పకుండా వేసుకోకండి. ఏది ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరు, ఎండోస్కోపీ డాక్టరు కలిసి చెప్పాలి. షుగర్ మందులూ అంతే. పరగడుపు మామూలుగా ఘనాహారానికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు. మీ ఆసుపత్రి చెప్పిన టైమే పాటించండి.

5. సపోజిటరీని వద్దనకండి

ఈ వ్యాసమంతా ఈ ఒక్క మెట్టు కోసం రాశానన్నా తప్పులేదు.

ఆ రోజు జరిగింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అమ్మ గౌను వేసుకుని మంచం మీద కూర్చుంది. సిస్టర్ చిన్న ట్రే పట్టుకుని వచ్చింది. అందులో చేతి గ్లవ్స్, కాస్త జెల్లీ, వెండిరంగు కాగితంలో చుట్టిన మందు. "అమ్మా, పక్కకి తిరగండి, వెనక నుంచి మందు పెట్టాలి" అంది. అమ్మ మొహం ఎర్రబడింది. "ఎందుకు తల్లీ, పొద్దున్నే మోషన్ అయింది, నాకు అవసరం లేదు" అంది. సిస్టర్‌కి ఇంకో నలుగురు పేషెంట్లున్నారు. "సరే అమ్మా" అని ట్రే తీసుకుని వెళ్లిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నేనూ అది విరేచనాల మందే అనుకున్నాను, పోనీలే అనుకున్నాను.

అది విరేచనాల మందు కాదు. డైక్లోఫెనాక్ గానీ ఇండోమెథాసిన్ గానీ, 100 మిల్లీగ్రాములు. ఇలా మలద్వారంలో పెట్టే మందునే సపోజిటరీ అంటారు. క్లోమంలో వాపు మొదలయ్యే గొలుసును ఆదిలోనే అడ్డుకునే మందు. 2012లో అమెరికాలో 602 మంది మీద, ఎక్కువగా ముప్పు ఎక్కువున్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఇండోమెథాసిన్ సపోజిటరీ ఇచ్చినవాళ్లలో 9.2 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. ఇవ్వనివాళ్లలో 16.9 శాతం మందికి వచ్చింది. 2016లో చైనాలో 2600 మంది మీద మరొకటి చేశారు. అందరికీ ప్రొసీజర్‌కు ముందే ఇచ్చిన గుంపులో 4 శాతం. ముప్పు ఎక్కువున్నవాళ్లకే, అదీ ప్రొసీజర్ అయ్యాక ఇచ్చిన గుంపులో 8 శాతం. అందుకే యూరప్ ఎండోస్కోపీ సొసైటీ 2020 మార్గదర్శకాల్లో, ఇవ్వకూడని కారణం లేని ప్రతి ఒక్కరికీ ఈఆర్‌సీపీకి సరిగ్గా ముందు ఇవ్వమని రాశారు.

"అదే మందు మాత్రగా ఇవ్వొచ్చుగా, ఇంజెక్షన్ చేయొచ్చుగా" అని మా మావయ్య వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ మాత్రతో, కండకు ఇచ్చే ఇంజెక్షన్‌తో అధ్యయనాలు చేస్తే ఈ లాభం కనబడలేదు. మలద్వారం నుంచి ఇస్తేనే పనిచేస్తోంది. కాబట్టి సిగ్గు పక్కన పెట్టాల్సిందే. మరీ ఇబ్బందిగా ఉంటే మత్తు ఇచ్చాక టేబుల్ మీద పెట్టమని అడగండి. చాలాచోట్ల అలాగే చేస్తారు కూడా. మెలకువలో పెడితే వెంటనే టాయిలెట్‌కి వెళ్లకండి. కాసేపటికే బయటికి వచ్చేస్తే దాచుకోకుండా సిస్టర్‌కి చెప్పండి.

ఇంటి దగ్గర మీరే కొనుక్కుని పెట్టుకుని వెళ్లొద్దు. టైమూ కుదరదు, రెండుసార్లు పడే ప్రమాదమూ ఉంది. మీరు చేయాల్సింది కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న: "పాంక్రియాటైటిస్ రాకుండా సపోజిటరీ ఇస్తారా? ఎప్పుడు ఇస్తారు?" ఆ రోజు డ్యూటీలో ఎవరున్నా అది మర్చిపోకుండా ఉండటానికి ఈ ప్రశ్న చాలు. నాలుగో మెట్టులో చెప్పిన అలర్జీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ఈ మందు కుదరదు. వాళ్ల కోసం వేరే దారి ఉంది, కింద చూడండి.

యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు కదా, అది చాలదా అంటారు కొందరు. అది ఇన్‌ఫెక్షన్ కోసం. ఈ వాపుతో దానికి సంబంధం లేదు.

6. సెలైన్ ఎంత, ఏది

సపోజిటరీ పడనివాళ్లకు రింగర్ లాక్టేట్‌ను ధారాళంగా ఎక్కించమని అదే మార్గదర్శకాలు చెబుతాయి. ఆసుపత్రిలో దీన్ని ఆర్‌ఎల్ అంటారు. ప్రొసీజర్ జరుగుతున్నంతసేపూ కిలోకు గంటకు 3 మిల్లీలీటర్లు, అవగానే కిలోకు 20 మిల్లీలీటర్లు ఒక్క విడతగా, ఆపై 8 గంటలపాటు మళ్లీ కిలోకు గంటకు 3. 60 కిలోల మనిషికి లెక్కేస్తే అవగానే 1200 మిల్లీలీటర్లు, ఆ తర్వాత గంటకు 180 చొప్పున. చిన్న మొత్తమేం కాదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బువాళ్లకు ఇంత నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వాళ్లకు ఇది పనికిరాదు.

సపోజిటరీ పడినవాళ్లకు కూడా ఇంత నీరు కావాలా? 2021లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో సపోజిటరీతో పాటు ఇంత నీరు ఎక్కించినవాళ్లలో 8 శాతం, మామూలుగా ఎక్కించినవాళ్లలో 9 శాతం మందికి పాంక్రియాటైటిస్ వచ్చింది. అంటే పెద్ద తేడా లేదు. కాబట్టి పక్క మంచం వాళ్లకు మూడు బాటిళ్లు పెట్టారు, మాకు ఒకటే పెట్టారని గొడవ పడకండి.

7. తలుపు మూశాక జరిగేది

అక్కడ మీరు చేయగలిగింది లేదు. కానీ ముందే ఒక మాట అడిగి ఉంచుకోవచ్చు: "తీగ క్లోమనాళంలోకి పోతే ఏం చేస్తారు?"

డాక్టర్లకు ఇక్కడ ఒక కొండగుర్తు ఉంది: 5-5-1. బుడిపెను 5 సార్లకన్నా ఎక్కువ తాకాల్సి వచ్చినా, 5 నిమిషాలు దాటినా, అనుకోకుండా తీగ క్లోమనాళంలోకి ఒకటికన్నా ఎక్కువసార్లు వెళ్లినా అది కష్టమైన కేసు. అలాంటప్పుడు అదే పద్ధతిని పట్టుకుని కుస్తీ పట్టకుండా దారి మార్చాలి. ముందుగా డై ఎక్కించకుండా తీగతోనే దారి వెతకడం కూడా ముప్పు తగ్గించే పద్ధతే.

ముప్పు ఎక్కువ అనిపిస్తే క్లోమనాళంలో సన్నటి ప్లాస్టిక్ స్టెంట్ పెడతారు. బుడిపె వాచినా క్లోమరసం ఆ గొట్టంలోంచి పేగులోకి దిగిపోతుంది. సపోజిటరీ వచ్చాక ఇక ఈ స్టెంట్ అక్కర్లేదేమో అని 1950 మంది ముప్పు ఎక్కువున్నవాళ్ల మీద చూశారు. 2024లో ఫలితం వచ్చింది: సపోజిటరీ ఒక్కటే ఇస్తే 14.9 శాతం, స్టెంట్ కూడా పెడితే 11.3 శాతం. అంటే వాళ్లకు రెండూ కావాలి. మామూలు ముప్పు ఉన్నవాళ్లకు స్టెంట్ అక్కర్లేదు. పెట్టబోయి గుచ్చుకుంటే అదే తంటా.

8. మొదటి రాత్రి

మత్తు దిగాక కడుపు ఉబ్బరంగా, గొంతు గరగరగా ఉండటం మామూలే. లోపలికి గాలి కొట్టారు కాబట్టి గ్యాస్ నొప్పి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. పాంక్రియాటైటిస్ నొప్పి కూడా మొదట్లో అలాగే అనిపిస్తుంది.

రాత్రి పదింటికి అమ్మ "కాస్త నొప్పిగా ఉందిరా, గ్యాస్ లే" అంది. పన్నెండింటికి పక్కకి ముడుచుకుని పడుకుంది. రెండింటికి లేచి కూర్చుని, దిండును కడుపుకి అదుముకుని ముందుకు వంగింది. ఆ వంగడమే గుర్తు. నాకప్పుడు తెలియదు. తెల్లారి డాక్టరు వచ్చేదాకా ఆగాం.

గ్యాస్ నొప్పి వచ్చిపోతుంటుంది, తేన్పు వస్తేనో గాలి పోతేనో నెమ్మదిస్తుంది, గంటగంటకూ తగ్గుతుంది. పాంక్రియాటైటిస్ నొప్పి కడుపు పైభాగంలో, రొమ్ము ఎముక కింద మొదలై వదలకుండా పెరుగుతుంది. వీపులోకి పొడిచినట్టు పోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, ముందుకు వంగితే కాస్త తక్కువ. వాంతులు తోడవుతాయి. ఇలా ఉంటే డ్యూటీ డాక్టరును లేపండి. విసుక్కుంటారేమోనని ఆలోచించొద్దు.

అదే రోజు ఇంటికి పంపుతామంటున్నప్పుడు నొప్పి ఉంటే, ప్రొసీజర్ అయిన 2 నుంచి 6 గంటల మధ్య క్లోమం ఎంజైములైన అమైలేజ్, లైపేజ్ రక్తపరీక్ష చేయమని అడగండి. అమైలేజ్ మామూలు పైహద్దుకు ఒకటిన్నర రెట్లలోపు, లైపేజ్ నాలుగు రెట్లలోపు ఉంటే పాంక్రియాటైటిస్ రాదని దాదాపుగా ధైర్యం చెప్పుకోవచ్చు. నొప్పే లేకపోతే ఈ పరీక్ష జోలికి పోవద్దు. ఈఆర్‌సీపీ అయ్యాక చాలామందికి అమైలేజ్ ఊరికే పెరుగుతుంది. నొప్పి లేని పెరుగుదల జబ్బు కాదు, ఆ అంకె చూసి రాత్రంతా జాగారం చేయడం దండగ.

అమ్మ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ముందే పట్టుకుని ఉంటే వచ్చేది రాకుండా పోయేదని చెప్పలేను గానీ, ఆ అయిదారు గంటలు నొప్పికి మందు లేకుండా గడపాల్సిన పని మాత్రం లేదు. సెలైన్, నొప్పి మందు ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది.

9. డిశ్చార్జ్ కాగితం చేతికి వచ్చినప్పుడు

మడిచి ఫైల్లో పెట్టేముందు మూడు విషయాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. తీగ గానీ డై గానీ క్లోమనాళంలోకి వెళ్లిందా? క్లోమనాళంలో స్టెంట్ పెట్టారా? పిత్తనాళంలో స్టెంట్ పెట్టారా? లేకపోతే రాయించుకోండి.

క్లోమనాళంలో పెట్టిన చిన్న స్టెంట్ సాధారణంగా దానంతట అదే పేగులోకి జారి బయటికి పోతుంది. పోయిందో లేదో 5 నుంచి 10 రోజుల్లో కడుపు ఎక్స్‌రే తీసి చూడాలి. పోకుండా అక్కడే ఉండిపోతే ఎండోస్కోపీతో తీసేయాలి, లేదంటే కాపాడటానికి పెట్టినదే నాళాన్ని పాడుచేస్తుంది. పిత్తనాళంలో ప్లాస్టిక్ స్టెంట్ పెడితే అది వేరే లెక్క. సాధారణంగా మూడు నెలల్లోపు తీయడమో మార్చడమో చేయాలి. రెండు తేదీలూ ఫోన్లో అలారంతో పెట్టుకోండి. మర్చిపోయిన స్టెంట్‌తో ఏడాది తర్వాత చలిజ్వరంతో వచ్చేవాళ్లు ఎందరో.

ఇల్లు దూరమైతే ఆ రాత్రికి ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండండి. రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు అడిగి రాసుకోండి.

10. ఇంటికి వచ్చాక

డాక్టరు సరేనన్నాక మొదట నీళ్లు, పల్చటివి. అవి తాగితే నొప్పి రాకపోతే తేలికైన, నూనె తక్కువున్న తిండి. తిన్నాక నొప్పి మొదలై పెరుగుతుంటే తినడం ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయండి. మందుల షాపు నుంచి నొప్పి మాత్ర తెచ్చుకుని అణిచిపెట్టకండి. ఆ మాత్ర పనిచేస్తే మీకు ఊరట, కానీ లోపల ఏం జరుగుతోందో తెలియకుండా పోతుంది.

పాంక్రియాటైటిస్ వచ్చేది సాధారణంగా మొదటి రోజులోపే. ఆ తర్వాత చూసుకోవాల్సినవి వేరు: చలితో జ్వరం, కళ్లు మళ్లీ పచ్చబడటం, నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, కడుపు చెక్కలా గట్టిపడటం. కోసిన చోట రక్తం వారం పది రోజుల తర్వాత కూడా కారొచ్చు. వీటిలో ఏది కనిపించినా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లగానే మొదటి మాటగా "ఫలానా రోజు ఈఆర్‌సీపీ అయింది" అని చెప్పి కాగితం చూపించండి. ఆ మాట చెప్పకపోతే మామూలు కడుపునొప్పి వరసలో కూర్చోబెడతారు.

గాల్ బ్లాడర్‌లో ఇంకా రాళ్లుంటే ఆ ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయకండి. ఆరోగ్యం అనుకూలిస్తే అదే అడ్మిషన్‌లోనో, రెండు వారాల్లోపో చేయించుకోవడం మేలు. ఆలస్యమైతే అక్కడినుంచి ఇంకో రాయి జారుతుంది, మళ్లీ ఈఆర్‌సీపీ అంటారు. ఈసారి పాంక్రియాటైటిస్ వచ్చి ఉంటే, రెండో మెట్టులో చెప్పిన కాగితంలో మొదటి వాక్యం అదే అవుతుంది. మా అమ్మ ఫైలు అట్ట మీద దాన్ని ఎర్రసిరాతో రాసి పెట్టాను, కింద "సపోజిటరీ ఇవ్వాలి, అది విరేచనాల మందు కాదు" అని కూడా.